ఇరవై నాలుగు బల్లలు

ఫిబ్రవరి 4, ఆదివారం

మేం చేసే బుల్లి బొమ్మల ప్రదర్శన ఏప్రిల్ ఇరవయ్యో తేదీన. పదకొండు వారాలు ఉన్నాయి. ఏ రోజు ఎంత పని అయిందో రాసుకుంటే తప్ప నేను కదలను, అందుకని ఈ పుస్తకం. ఎవరికీ చూపించేది కాదు. మా ఆయన కంటపడినా భయం లేదు, నా రాత ఆయనకు ముప్పై ఐదేళ్ళుగా అర్థం కాలేదు.

చేస్తున్నది మా షర్టుల ఫ్యాక్టరీలోని చెకింగ్ హాలు. సూట్‌కేసంత పెట్టెలో హాలు మొత్తం పట్టాలి. ఇరవై నాలుగు బల్లలు, ఒక్కొక్కటి నా చూపుడు వేలంత. వాటి మీద మడతపెట్టిన షర్టులు, పైన ట్యూబులైట్లు, ఆ చివర నా స్టూలు. ఆ స్టూలు మీద ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. కుట్టు జారిన చోట, బొత్తాం వదులైన చోట ఎర్రచుక్క అంటించి వెనక్కి పంపడం నా ఉద్యోగం. ఫ్యాక్టరీ మూసేసి ఆరేళ్ళయింది. వాడకుండా మిగిలిన చుక్కల కట్టలు నా దగ్గరే ఉండిపోయాయి.

ఇప్పుడు ఆ చుక్కలే మా ఆదివారం గదిని నడుపుతున్నాయి. పాత పోస్టాఫీసు మేడ మీద పొడుగు బల్ల చుట్టూ చేరతాం. ఎవరు చేసింది వాళ్ళు తెచ్చి మధ్యలో పెట్టాలి. వస్తువు చేతులు మారుతున్నంతసేపూ చేసినవాళ్ళు నోరు మెదపకూడదు. మిగతావాళ్ళు తప్పు వెతికి, కనిపిస్తే తలా ఒక ఎర్రచుక్క అక్కడ అంటించి, ఎందుకో చెప్పాలి. ఈ నియమం పెట్టింది మేస్త్రి. ఇళ్ళు కట్టడం మానేసి ఇప్పుడు గోరంత కుండలు చేసి కాలుస్తున్నాడు. "మెచ్చుకోడానికి ఇంట్లోవాళ్ళున్నారు. తప్పు చెప్పడానికే కదా మనం మెట్లెక్కి వచ్చేది" అంటాడు. నన్ను ఎర్రచుక్కమ్మ అని పిలవడం మొదలుపెట్టింది కూడా ఈ మహానుభావుడే.

ఈ రోజు నా మొదటి బల్లకు ఐదు చుక్కలు పడ్డాయి. మేస్త్రి ఒక్కడే రెండు అంటించాడు, తన వాటాకు ఒకటే అయినా. కాలు ఒకటి లావైందట, పైచెక్క మీద జిగురు మెరుస్తోందట. ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి చూస్తే రెండూ నిజమే.

మేస్త్రి రేపు ఊరెళుతున్నాడు. కొడుకు ఇల్లు కడుతున్నాడు, దగ్గరుండాలట. రెండు నెలలదాకా రాడు. హాయిగా ఉంటుంది.

ఫిబ్రవరి 9

చెక్క పట్టీలు వంకర. భూతద్దం కంటికి బిగించి చూస్తే ప్రతి పట్టీ నడుము దగ్గర ఉబ్బి ఉంది. కొట్టుకు తీసుకెళ్ళి వడ్రంగి ముందు పడేశాను. "అమ్మా, మిషను మీద కోసిన చెక్క, వంకరెలా వస్తుంది?" అన్నాడు. నా కళ్ళు ఇరవై తొమ్మిదేళ్ళు కుట్టు కుట్టుకూ లెక్క చెప్పిన కళ్ళు బాబూ అన్నాను. కొత్తవి తీసి ఇచ్చాడు.

అవీ వంకరే. ఇక నేనే దిద్దుకుంటాను. ఉబ్బిన చోట ఆకురాయితో నాలుగుసార్లు అరగదీస్తే సూటిగా వస్తుంది. ఆ ఓపిక నాకుంది.

ఫిబ్రవరి 11

మూడు బల్లలు. మూడు చుక్కలు.

ఫిబ్రవరి 18

కంపౌండరు గారు ఈ రోజు నా బల్లను చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. అగ్గిపుల్లలతో ఓడలు చేసే మనిషి, ఓపిక ఎక్కువ. ఏం అంటిస్తారో అని చూస్తున్నాను. "మీ ఇంట్లో వెలుతురు బాగుంటుందా అమ్మా, పనిచేసే చోట?" అని అడిగారు. చుక్క మాత్రం కాలి దగ్గర అంటించారు, రంగు పల్చబడిందని. వెలుతురు సంగతి నిజమే. బల్బు మార్పించాలి.

ఫిబ్రవరి 27

మా ఆయన బల్బు మార్చాడు. ఇది మూడోది. కుర్చీ ఎక్కి మార్చి దిగి, "ఇప్పుడైనా సూటిగా కనిపిస్తోందా మహారాణీ?" అన్నాడు. లేదన్నాను. ఇనప స్కేలు తీసి పక్కన పెట్టి అద్దంలోంచి చూశాను. స్కేలు కూడా నడుము దగ్గర ఉబ్బింది. ఈ రోజుల్లో స్కేళ్ళు కూడా సరిగ్గా చెయ్యడం లేదు.

ఆ మాటే ఆయనతో అన్నాను. బస్సు నడిపినన్నాళ్ళు ఆరునెలలకోసారి కళ్ళు పరీక్ష చేయించుకునేవాడు కదా, ఊరుకుంటాడా? "ఒకసారి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళదామే" అన్నాడు. పేపరు చదువుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను, నాకెందుకు డాక్టరు అన్నాను. "ఆడలేక మద్దెల ఓడు" అని గొణుక్కుంటూ వెళ్ళాడు. నేను పిలిచి పోట్లాడలేదు. బల్బు మార్చిన మనిషి.

మార్చి 3

ఏడు పూర్తయ్యాయి. ఒకటే చుక్క. మా గదిలోని లెక్కల టీచరు అంటించింది, షర్టు మడత గురించి. బల్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు.

మార్చి 10

ఈ తేదీ గుర్తుంచుకోవాలి. పన్నెండు బల్లలు వరసగా పెట్టాను. ఒక్క చుక్క కూడా పడలేదు! వస్తువు అందరి చేతులూ తిరిగి నా దగ్గరకు శుభ్రంగా వచ్చింది. ఈ ఐదేళ్ళలో ఇలా ఎవరికీ జరగలేదు. లెక్కల టీచరు చేసిన వంకాయకే (మైదాపిండితో శనగగింజంత చేసి, ముచ్చికకు ముల్లు కూడా పెట్టింది) ఆరు చుక్కలు పడిన గది అది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నారు కంపౌండరు గారు. టీచరు నా భుజం నిమిరింది. ఆవిడ భుజాలు నిమిరే మనిషి కాదు. ఫ్యాక్టరీ మూసేశాక ఏడాదిపాటు గోడకేసి చూస్తూ కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించింది ఆవిడే. ఎంత సంతోషపడి ఉంటుందో.

ఆ గది లేకపోతే నేను ఏమైపోయేదాన్నో. మేస్త్రి ఉండి చూసి ఉంటే బాగుండేది.

మార్చి 14

కంటికి బిగించే అద్దం కొత్తది కొన్నాను, గడియారాలు బాగుచేసేవాళ్ళ కొట్లో. ఇందులోనూ ఉబ్బే. అన్నీ ఒకే చోట తయారవుతాయేమో.

మార్చి 15

ఎక్కువ రాయను. పదహారు.

మార్చి 24

ఇరవై నాలుగూ అయిపోయాయి. పెట్టెలో పేర్చి తీసుకెళ్ళాను. చుక్కలు లేవు. వరసగా మూడో ఆదివారం.

ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. కంపౌండరు గారు పెట్టెలోకి ఒకసారి చూసి ఓడ తెరచాప సవరించుకుంటూ కూర్చున్నారు. అందరూ అలిసిపోయి ఉంటారు. ప్రదర్శన దగ్గర పడింది కదా.

చుక్కల కట్ట విప్పకుండానే ఇంటికి తెచ్చాను. ఎందుకో పండగలా అనిపించలేదు.

మార్చి 31, ఆదివారం

మేస్త్రి వచ్చాడు. ఎండకు నల్లబడి, కాస్త చిక్కి. కూర్చోకముందే పెట్టెలోకి వంగి చూశాడు.

"ఇదేంటి, బల్లలన్నీ నడుములు నొక్కుకుపోయి ఉన్నాయి?" అన్నాడు.

బల్ల కింద ఎవరి కాలో ఎవరి కాలికో తగిలింది. ఆ చప్పుడు నాకు వినబడింది. మేస్త్రి "నన్నెందుకు తంతున్నారు టీచరుగారూ?" అన్నాడు.

నియమం ప్రకారం నేను మాట్లాడకూడదు. మాట్లాడాను. రెండు నెలలు సిమెంటు దుమ్ములో ఉండొచ్చావు, ముందు నీ కళ్ళు కడుక్కో అన్నాను. వీళ్ళంతా మూడు వారాలుగా చూశారు, ఒక్కరికీ కనిపించని తప్పు నీకొక్కడికే కనిపించిందా అన్నాను. తలెత్తి అందరి వైపూ చూశాను. కంపౌండరు గారు తేలు కుట్టిన దొంగలా తల దించుకుని ఉన్నారు. టీచరు కళ్ళజోడు తీసి తుడుస్తోంది.

మేస్త్రి గొంతు తగ్గించాడు. "నా మాట వద్దులే చెల్లెమ్మా. ఇంటికెళ్ళి దారం లాగి పట్టి చూసుకో. కన్ను మోసం చేస్తుంది గానీ బిగించిన దారం చెయ్యదు. నలభై ఏళ్ళు గోడలు దాంతోనే లేపాను."

పెట్టె తీసుకుని వచ్చేశాను. కొందరికి ఎదుటివాళ్ళు బాగుంటే నచ్చదు.

ఏప్రిల్ 1

దారం లాగాను.

మొదటి బల్ల అంచుకు బిగించి పట్టి, దారానికీ చెక్కకూ మధ్య గోరు ఆనించాను. గోరు లోపలికి వెళ్ళింది. రెండోదీ అంతే. ఇరవై నాలుగూ చూశాను. ఉబ్బు ఎక్కడా లేదు. ఉన్నదంతా గుంటలే. నేను నా చేత్తో, ఆకురాయి పట్టి, సూటిగా ఉన్న చెక్కను కూర్చోబెట్టి తొలిచాను. ఇరవై నాలుగు బల్లలు, రెండేసి అంచులు.

వడ్రంగి ఇచ్చిన చెక్క సూటిదే. స్కేలూ సూటిదే.

అద్దం ఎప్పుడూ ఎడమ కంటికే బిగిస్తాను. కుడి చెయ్యి ఆకురాయి పట్టుకుంటుంది కాబట్టి అలా అలవాటు. ఈ రోజు కుడికన్ను మూసుకుని ఎడమ కంటితో గుమ్మం చూశాను. గుమ్మం ఉబ్బింది.

మా ఆయన్ని పిలిచాను. "వెళదామా?" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను.

ఏప్రిల్ 2

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా ఫ్యాక్టరీలో అయితే ట్రైనీ అనుకునేదాన్ని. నిమ్మళంగా చెప్పింది. గళ్ళ కాగితం ఒకటి ముందు పెట్టి ఒక కన్ను మూసి చూడమంది. కుడికంటికి గళ్ళు సూటిగానే ఉన్నాయి. ఎడమ కంటికి మధ్యలో గళ్ళన్నీ వాచిపోయి, ఒకచోట అసలు ఏమీ లేదు.

కంటి వెనక పొరలో నీరు చేరుతోందట. పోయిన చూపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఉన్నదాన్ని కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతో నిలబెట్టుకోవచ్చు. కుడికన్ను ప్రస్తుతానికి బాగుంది. రోజూ ఆ కాగితం చూసుకుంటూ ఉండాలి.

"ఇది ఎప్పటినుంచి?" అని అడిగింది. ఫిబ్రవరి అన్నాను. పెన్ను ఆపింది. "మార్చి మొదట్లో వచ్చి ఉంటే ఇంకొంచెం మిగిలేదమ్మా. అయినా ఇప్పుడైనా వచ్చారు."

మార్చి మొదట్లో నాకు చుక్కలు రావడం మానేశాయి.

ఏప్రిల్ 4

కబురు విని కంపౌండరు గారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసిన మనిషి, ఆయనకు ఫిబ్రవరి పద్దెనిమిదినే అనుమానం వచ్చిందట. వెలుతురు సంగతి అందుకే అడిగారు.

"చెబితే మీరు పని ఆపేస్తారని భయపడ్డానమ్మా. ఫ్యాక్టరీ పోయాక మీకున్నది ఇదొక్కటే కదా. ప్రదర్శన అయిపోయాక మీ ఆయనతో మాట్లాడదామని టీచరు, నేను అనుకున్నాం."

మీ ఓడకు తెరచాప తిరగబడితే నేను చెప్పకుండా ఉంటానా అన్నాను.

"ఉండరు."

మరి నాకెందుకు చెప్పలేదు? నేను బతికుండగానే నన్ను ఫోటో చేసి గోడకు తగిలించారు, దండ ఒక్కటే తక్కువ అన్నాను. మాట కటువుగానే వచ్చింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా ఆయన కుర్చీ తెచ్చి వేశాడు, కాఫీ ఇచ్చాడు. నేను లోపలికి వెళ్ళిపోయాను.

ఆయన వెళ్ళాక మా ఆయన మెల్లగా అన్నాడు, "నేను మూడుసార్లు చెప్పాను. నువ్వు విన్నావా?"

వినలేదు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అది కూడా రాసుకోవాలి, న్యాయంగా ఉండాలంటే.

ఏప్రిల్ 5

మొదటి ఇంజెక్షన్. అనుకున్నంత లేదు. అనుకున్నది చాలా ఉంది కాబట్టి.

ఏప్రిల్ 7, ఆదివారం

మేడ గదికి వెళ్ళలేదు. సాయంత్రం లెక్కల టీచరే వచ్చింది, చేతిలో అట్టపెట్టెతో. లోపల బల్లలు, ఇరవై నాలుగు. సూటిగా. కంపౌండరు గారూ తనూ కూర్చుని రెండు రోజుల్లో చేశారట. "పాతవి తీసేసి ఇవి పెట్టు. ఎవరికీ తెలియదు."

ఎంత చక్కగా చేశారో. వేలితో తడిమి చూశాను, ఎక్కడా గుంట లేదు. ఒకరి కోసం రెండు రోజులు కూర్చుని నలభై ఎనిమిది అంచులు అరగదీయడం మాటలు కాదు. ఆవిడ వేళ్ళకు మందు పట్టీలున్నాయి. ఆ పట్టీలు చూసి నా కోపంలో సగం పోయింది.

సగమే. "ఇవి మీ బల్లలు, మీ పేరుతో పెట్టుకోండి. నావి నా పెట్టెలో ఉంటాయి" అన్నాను.

"అందరూ చూస్తారే" అంది.

"చూడనీ. నువ్వు మాత్రం వచ్చే ఆదివారం చుక్క అంటించాలి. లేకపోతే నీ ముఖం చూడను."

"అలాగే" అంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "తన్నినందుకు మేస్త్రి కాలు వాచింది తెలుసా" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వి నవ్వి ఆవిడ ఏడ్చింది.

ఏప్రిల్ 14, ఆదివారం

వెళ్ళాను. పెట్టె మధ్యలో పెట్టి నోరు మూసుకుని కూర్చున్నాను.

టీచరు మొదట. "అంచులు సూటిగా లేవు" అని చుక్క అంటించింది. మేస్త్రి స్టూలు ఎత్తు తప్పిందన్నాడు, ట్యూబులైటు దారం వేలాడుతోందన్నాడు, మళ్ళీ రెండు. మొత్తం తొమ్మిది పడ్డాయి. చివరికి పెట్టె కంపౌండరు గారి ముందుకు వచ్చింది. ఆయన చాలాసేపు చుక్కను వేలి మీదే పెట్టుకుని ఉన్నారు. ఆఖరికి నా బల్లల మీద కాకుండా, తన చొక్కా జేబు మీద అంటించుకుని, "తప్పు నాది" అన్నారు.

నియమం ప్రకారం అది చెల్లదు అన్నాడు మేస్త్రి. వస్తువు మీదే అంటించాలట. కంపౌండరు గారు దాన్ని ఊడదీసి నా పెట్టెలో మూడో వరస బల్లకు అంటించి, "దీనికి నాలుగో కాలు పొట్టి" అన్నారు. నిజంగానే పొట్టి.

ఇంటికి వచ్చేదారిలో మేస్త్రికి థాంక్స్ చెప్పాను. దేనికన్నాడు. నా కన్ను మిగిల్చినందుకు అన్నాను. "బల్ల బాగాలేదన్నాను, అంతేగా" అని వేరే సంగతి ఎత్తాడు. ఈ మనిషి రెండు నెలలు లేకపోతే హాయి అని రాసుకున్నదాన్ని నేనే.

ఏప్రిల్ 20, శనివారం

ప్రదర్శన. చిన్న హాలు, కానీ ఉదయం నుంచీ జనం. కుండల దగ్గర, వంకాయల దగ్గర పిల్లలు మూగారు. నా పెట్టెను చుక్కలతో సహా పెట్టాను. పక్కన గోడకు డాక్టరమ్మ ఇచ్చిన గళ్ళ కాగితం, దాని కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో నాలుగు ముక్కలు. ఈ బల్లల అంచులు నా ఎడమ కంటికి సూటిగా కనిపించాయి, సూటిగా ఉన్న గీతలు ఉబ్బినట్టు కనిపించాయి, నేను చెక్కను తిట్టాను, చెక్క తప్పు లేదు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నా వయసే. పూల చీర, చేతిలో సంచీ, గలగలా నవ్వుతూ కూతురికి హాలంతా చూపిస్తోంది. మా ఫ్యాక్టరీలో కాలర్ల సెక్షనులో చేసిందట. "అయ్యో, మన చెకింగ్ హాలే" అని నా చేతులు పట్టుకుంది. అట్టముక్క చదవలేదు. గోడ వైపు చూసి, "అన్నీ ఇంత బాగా చేసి ఆ కాగితం మాత్రం ముడతలు పడింది పెట్టారేంటండీ? మార్చండి, బాగోలేదు" అంది.

కాగితానికి ముడతల్లేవు. పొద్దున నేనే అట్టకు అతికించి పెట్టాను.

ఎంత సంతోషంగా ఉంది ఆవిడ! కూతురు ఫోటో తీస్తోంది. ఇప్పుడెందుకు, ఇంటికెళ్ళాక కూతురికి ఫోన్ చేసి చెబితే పోలా, నంబరు తీసుకుంటే సరిపోతుంది కదా అనిపించింది. సరిగ్గా అలాగే అనిపించింది. కంపౌండరు గారు నాలుగు అడుగుల దూరంలో తన ఓడ పక్కన నిలబడి నన్నే చూస్తున్నారు. ఆయన మీద మిగిలిన సగం కోపం ఆ నిమిషంలోనే పోయింది. చెప్పడం ఇంత కష్టమని నాకు తెలియదు. ఇరవై తొమ్మిదేళ్ళు నేను చెప్పింది షర్టులకు.

"అమ్మా, ఆ కాగితం సాపుగానే ఉంది" అన్నాను. "ఒక కన్ను మూసుకుని చూడండి. తర్వాత రెండోది."

చూసింది. ముందు కుడి, తర్వాత ఎడమ. మళ్ళీ కుడి. నవ్వు ఆగిపోయింది. తర్వాత కోపం వచ్చింది. "నా కళ్ళు బంగారంలా ఉన్నాయి. బొమ్మలు చూడ్డానికి వస్తే రోగాలు అంటగడతారేంటండీ? మీకొచ్చిందని ఊరందరికీ రావాలా?" అంది. కూతురి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేను మేస్త్రితో అన్న మాటలకూ వాటికీ పెద్ద తేడా లేదు. ఆ అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. నేను డాక్టరమ్మ ఉండే వీధి పేరు గట్టిగా చెప్పాను, హాలంతా వినబడేట్టు.

కంపౌండరు గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. కాసేపయ్యాక ఆయన ఓడ తెరచాప తిరగబడి ఉందని చెప్పాను. ఆయన వెళ్ళి సరిచేసుకున్నారు.

మే 3

రెండో ఇంజెక్షన్‌కు వెళ్ళాను. కళ్ళలో చుక్కల మందు వేసి వరండాలో కూర్చోమన్నారు. మా ఆయన మందుల చీటీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ అక్కడుంది. అదే సంచీ. పక్కన కూతురు. నన్ను చూసి ముఖం తిప్పేసుకుంది. కూతురు లేచి వచ్చి, "తొందరగానే వచ్చారని డాక్టరుగారు అన్నారండీ" అని మెల్లగా చెప్పి వెళ్ళింది.

వరండాలో ఖాళీగా వేరే కుర్చీ లేదు, ఆవిడకు రెండో పక్కదే. నేను అక్కడిదాకా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ కాసేపు ఎటో చూసి, నా వైపు తిరక్కుండానే, కుర్చీలో పెట్టిన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

కూర్చున్నాను. నన్ను పిలిచేదాకా ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.